నమీబ్ ఎడారి నుంచి విక్టోరియా జలపాతం దాకా సఫారీ ఎలా ప్లాన్ చేసుకోవాలి

నమీబియా, బోట్స్వానా, జింబాబ్వే మూడూ ఒకే ట్రిప్‌లో చూద్దామనుకునే వాళ్ళు ముందు అడిగేది ఏ నెలలో వెళ్ళాలి అని. నీళ్ళు ఎప్పుడు ఎక్కడుంటాయో చూసుకుని డేట్లు పెట్టుకోండి, మిగతావన్నీ తర్వాత. అక్కడ వానలు పడేది సుమారు నవంబర్ నుంచి మార్చి దాకా, కానీ బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టా నిండేది మాత్రం వానలు వెళ్ళిపోయాక, ఎందుకంటే ఆ నీళ్ళు ఎక్కడో అంగోలా ఎత్తు ప్రాంతాల్లో పడి నెలల తరబడి మెల్లగా పారుకుంటూ వచ్చి జూన్, జూలై, ఆగస్టుల్లో డెల్టా అంతా పరుచుకుంటాయి, అప్పటికి చుట్టుపక్కల అంతా ఎండిపోయి ఉంటుంది కాబట్టి జంతువులన్నీ అక్కడికే చేరతాయి. జింబాబ్వే, జాంబియా సరిహద్దులో ఉన్న విక్టోరియా జలపాతం లెక్క వేరు, అది ఏప్రిల్ ప్రాంతంలో ఫుల్లుగా ఉండి అక్టోబర్, నవంబర్‌కి బాగా తగ్గిపోతుంది, జాంబియా వైపు చాలా మటుకు ఉత్త రాయే కనిపిస్తుంది. అన్నీ చూడాలంటే నేను చెప్పేది జూన్ చివర నుంచి జూలై ముగిసేలోపు. అక్టోబర్లో జంతువులు ఇంకా బాగా కనిపిస్తాయి నిజమే, కానీ ఎండ మండిపోతుంది, జలపాతం మీద పెద్దగా ఆశ పెట్టుకోకూడదు.

రూటు నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో మొదలుపెట్టి సోసస్‌వ్లే ఇసుక దిబ్బలు, ఎటోషా పార్కు, తర్వాత తూర్పుకి తిరిగి బోట్స్వానాలో డెల్టా, కసానే, చివర జలపాతం. ఎడారి ముందు పెట్టుకుంటే రోజురోజుకీ నీళ్ళు పెరుగుతూ పోతాయి, నాకు ఆ వరసే ఇష్టం.

సోసస్‌వ్లేకి సెస్రియెమ్ గేటు నుంచి వెళ్ళాలి, అది తెరిచేది సూర్యోదయానికి. పార్కు లోపలి క్యాంపులో దిగిన వాళ్ళని మాత్రం గంట ముందే వదుల్తారు, అందుకే కాస్త ఖర్చయినా లోపలే బుక్ చేసుకోండి. సుమారు 60 కిలోమీటర్లు తారు రోడ్డు, చివరి 5 కిలోమీటర్లు లోతు ఇసుక, ఫోర్ బై ఫోర్ ఉన్నా ఇసుకలో నడిపిన అలవాటు లేకపోతే అక్కడ షటిల్ ఎక్కేయడమే మేలు. డెడ్‌వ్లేలో తెల్లటి పగుళ్ళ నేల మీద వందల ఏళ్ళ కిందట చచ్చిపోయిన చెట్లు నల్లగా అలాగే నిలబడి ఉంటాయి, కుళ్ళడానికి కూడా తేమ లేదు అక్కడ. వెలుగు దిబ్బ మీంచి కిందకి దిగుతుంటే నేల ఇంకా నీడలోనే ఉంటుంది, వెనక దిబ్బ ఎర్రగా వెలిగిపోతుంటుంది, ఆ కాసేపటి కోసమే చీకట్లో లేవాలి.

నమీబియాలో ఎక్కువ కంకర రోడ్లే, ఖాళీగా ఉన్నాయి కదా అని తొక్కకండి, 80 దాటితే మలుపులో బండి జారుతుంది, సడన్ బ్రేకు అసలు వద్దు. రెండు స్పేర్ టైర్లు అడిగి తీసుకోండి, చీకటి పడేలోపు దిగాల్సిన చోటికి చేరిపోండి.

ఎటోషాలో ఒక రాత్రయినా ఒకౌకుయో క్యాంపులో ఉండండి, అక్కడి నీటి గుంట దగ్గర రాత్రంతా లైట్లు ఉంటాయి. గంటసేపు ఏమీ రాకపోయినా లేవకండి, నల్ల ఖడ్గమృగం ఎక్కువగా జనం నిద్రకి పోయాకే వస్తుంది, చప్పుడు లేకుండా వచ్చి నీళ్ళలో మూతి పెడితే ఆ తాగే శబ్దం మీకు వినిపిస్తుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చేటప్పుడు పశువుల రోగాల చెక్‌పోస్టులో పచ్చి మాంసం తీసేసుకుంటారు, ఎక్కువ కొనిపెట్టుకోవద్దు.

డెల్టా లోపలి క్యాంపులకి మౌన్ ఊరి నుంచి చిన్న విమానంలో వెళ్ళాలి, సామాను సాధారణంగా 20 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులో, చక్రాల సూట్‌కేసు ఎక్కించరు. మొకోరో పడవలో నీటికి జానెడు ఎత్తులో కూర్చుంటారు, లేచి నిలబడకూడదు, నీళ్ళలో చేయి పెట్టకూడదు, హిప్పో కనిపిస్తే పడవ నడిపే ఆయన ఏం చెబితే అదే. కసానేలో మాత్రం సాయంత్రం బోటు తప్పకుండా ఎక్కండి, ఏనుగులు తొండాలు పైకెత్తి సెడుడు లంకకి ఈదుకుంటూ పోతాయి, పిల్లలు పెద్దవాటి పక్కనే అంటిపెట్టుకుని.

జలపాతం 1,700 మీటర్లకు పైగా వెడల్పు, ఎదురుగా నిలబడి ఎక్కువ భాగం చూడాలంటే జింబాబ్వే వైపుకే వెళ్ళండి. నీళ్ళు బాగా ఉన్న నెలల్లో తుంపరకి తడిసి ముద్దయిపోతారు, రెయిన్‌కోటు, ఫోన్‌కి వాటర్‌ప్రూఫ్ కవరు ఉండాలి. పున్నమి రాత్రుల్లో పార్కు తెరుస్తారు, వెన్నెల్లో ఇంద్రధనుస్సు చూడొచ్చు, డేట్లు కుదిరితే అలా పెట్టుకోండి.

జూలైలో తెల్లవారుజామున ఓపెన్ జీపులో చలి గట్టిగా ఉంటుంది, టోపీ, గ్లవ్స్, మందపాటి జాకెట్ పెట్టుకోండి. డెల్టా, కసానే, జలపాతం అన్నీ మలేరియా ఉన్న చోట్లే, బయల్దేరడానికి ముందే డాక్టర్ని కలిసి మాత్రలు మొదలుపెట్టాలి. కాజా వీసా జింబాబ్వే, జాంబియాలకి కలిపి పనిచేస్తుంది, బోట్స్వానాకి మాత్రం కజుంగులా సరిహద్దు మీదుగా పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాళ్ళకే, కసానేలో రాత్రి ఉండేటట్టయితే బోట్స్వానా రూల్స్ విడిగా చూసుకోండి, మీ పాస్‌పోర్టుకి కాజా ఇస్తారో లేదో కూడా టికెట్లు కొనకముందే కనుక్కోండి.