మెత్తబడిన పాప్‌కార్న్ పారేయకండి

నిన్న సినిమా నుంచి పెద్ద టబ్బులో సగం పాప్‌కార్న్ ఇంటికి వచ్చింది, తెల్లారేసరికి దూదిలా మెత్తబడింది. గాల్లో తేమ పీల్చుకుంది, అంతే, పాడవలేదు. నూనె వెయ్యకుండా మూకుట్లో సన్నటి సెగ మీద మూడు నాలుగు నిమిషాలు కలుపుతూ వేపి, పళ్లెంలో పరిచి చల్లారనిస్తే మళ్లీ కరకరలాడుతుంది.

ఇక మన విజయనగరంలో సాయంత్రం బండి మీద అమ్మే మురీ (మరమరాల) మిక్చర్ ఉంది కదా, అచ్చం అలాగే, మురీల బదులు ఇది వేసి సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి, వేపిన వేరుశనగ గుళ్లు, కొత్తిమీర, కాస్త కారం కలిపి నిమ్మకాయ పిండండి. ఉప్పు మాత్రం రుచి చూశాకే, హాలు వాళ్లు ముందే దండిగా వేసి ఉంటారు. కలిపిన వెంటనే తినేయాలి, ఐదు నిమిషాలు ఆగితే మళ్లీ ముద్దే.

పిల్లలకైతే బెల్లం పాకం పట్టి ఉండలు చుట్టొచ్చు, గ్లాసు బెల్లానికి ఆరు గ్లాసుల పాప్‌కార్న్. పాకం చుక్క నీళ్లలో వేస్తే గట్టిగా ఉండకట్టాలి. చేతికి నెయ్యి రాసుకుని వేడి మీదే చుట్టేయండి. పేలని గింజలు ముందే ఏరేయండి, నాకు ఒకసారి పన్ను కలుక్కుమంది.