గేమింగ్ కన్సోల్ చెడిపోయినా, ఆన్‌లైన్ ఖాతా ఆగిపోయినా వినియోగదారుడు చేయవలసిన పనులు

టీవీకి తగిలించి ఆటలాడుకునే యంత్రమైన కన్సోల్ కొన్నప్పుడు చేతికి ఒక పెట్టె, ఒక బిల్లు వస్తాయి. అదే కన్సోల్‌లోని స్టోరులో గేమ్ కొంటే చేతికి ఏమీ రాదు. డబ్బు మాత్రం కార్డులోంచి పోతుంది, ఖాతాకు ఆ గేమ్ ఆడుకునే అనుమతి చేరుతుంది. చట్టం ముందు ఒకటి వస్తువు, రెండవది సేవ. ఫిర్యాదులో మొదట తేల్చుకోవలసింది సమస్య దేనిలో ఉందన్నదే, ఎందుకంటే ఎవరిని బాధ్యులుగా చూపాలో దాన్నిబట్టే తెలుస్తుంది. యంత్రం పాడైతే అమ్మిన దుకాణం, తయారీ సంస్థ లేదా దిగుమతిదారు జవాబుదారులు. ఖాతా, చందా, డౌన్‌లోడ్ గొడవలకు ఆ సేవను నడిపే సంస్థ జవాబుదారు. ఇద్దరి మీదా అనుమానం ఉంటే ఇద్దరినీ చేర్చవచ్చు.

కొనేటప్పుడే బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోవాలి. ఆ నంబరు, పెట్టె మీది నంబరు, యంత్రం వెనుకో అడుగునో ఉన్న నంబరు మూడూ ఒకటేనని దుకాణంలోనే చూసుకొని ఫోటో తీసుకోవాలి. పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర లేకపోతే అది అధికారిక మార్గంలో వచ్చిన సరుకు కాకపోవచ్చు. ధర రెండు మూడు వేలు తగ్గుతుందని అలాంటి పెట్టె కొన్నవారికి వారంటీ మాట వచ్చినప్పుడు తయారీ సంస్థ వైపు తలుపు దాదాపు మూసుకుపోతుంది. మిగిలేది అమ్మిన దుకాణదారుడొక్కడే. బిల్లు కూడా లేకపోతే అతడు సైతం చేతులు దులుపుకోగలడు. అయితే అడిగినా బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది.

గంటల లెక్కన ఆడించే పార్లర్ కోసం కన్సోళ్లు కొన్నవారు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారుల నిర్వచనంలోకి రారు. స్వయం ఉపాధి కింద, కేవలం జీవనోపాధి కోసం కొన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. తానే కూర్చొని నడుపుకునే చిన్న పార్లర్ యజమాని ఆ మాటను ఫిర్యాదులోనే స్పష్టంగా రాయాలి.

సర్వీస్ సెంటర్‌కు ఇచ్చే ముందు డేటా కాపీ చేసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే మరమ్మతులో అది చెరిగిపోతే తమ బాధ్యత కాదని సంస్థలు ముందే రాసుకుంటాయి. సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ 5 (పీఎస్5)లో గేమ్‌ల సేవ్ ఫైళ్లను, అంటే ఆటలో ఎంతవరకు వచ్చామో దాచే ఫైళ్లను, విడివిడిగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం కుదరదు. సోనీ అమ్మే పీఎస్ ప్లస్ చందా ఉంటే క్లౌడ్‌లోకి, అంటే సంస్థ ఆన్‌లైన్ నిల్వలోకి, పంపవచ్చు, లేకపోతే మొత్తం యంత్రాన్నే యూఎస్‌బీ డ్రైవ్‌లోకి బ్యాకప్ చేయాలి. యంత్రాన్ని అప్పగించేటప్పుడు అన్ని వైపులా ఫోటోలు తీసి, పైకి కనిపించే దెబ్బలేవీ లేవని జాబ్ షీట్‌లో, అంటే సర్వీస్ సెంటర్ ఇచ్చే రసీదులో, రాయించుకోవాలి. వారం తర్వాత ‘లోపలికి నీళ్లు వెళ్లాయి, వారంటీ వర్తించదు’ అని ఫోన్ వస్తే, ఆ మాటను కారణంతో, ఫోటోతో సహా ఈమెయిల్‌లో పంపమని అడగాలి. నోటిమాటగా గట్టిగా చెప్పినవారు రాతలో పెట్టమనగానే మెత్తబడటం తరచూ జరిగేదే. లోపం నిజంగా ఉందో లేదో పరీక్ష లేకుండా తేలకపోతే, వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం ఇలాంటి కేసులు వినే వినియోగదారుల కమిషన్‌కు ఉంది.

ఇక ఆన్‌లైన్ కొనుగోళ్లు. ప్లేస్టేషన్ స్టోరులో కొన్న గేమ్‌ను డౌన్‌లోడ్ మొదలుపెట్టకపోతే 14 రోజుల్లోపు వాపసు అడగవచ్చు. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోరు స్టీమ్‌లో 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే అడగవచ్చు. ఇవి సంస్థలు పెట్టుకున్న నియమాలు, చట్టం గీసిన హద్దులు కావు. డౌన్‌లోడ్ చేసుకున్నాక వాపసు ఇవ్వనక్కరలేదని కొనుగోలుదారులకు చెప్పినందుకు సోనీ యూరప్ విభాగానికి ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు 2020లో 35 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఆ తీర్పు మనకు వర్తించదు. అయినా ‘మా పాలసీ ఇంతే’ అనే జవాబుతో వెనుదిరగనక్కరలేదు: గేమ్ తెరుచుకోకపోయినా, ప్రకటనలో చెప్పినది లోపల లేకపోయినా అది మన చట్టంలోనూ సేవాలోపమే.

చందా తెలియకుండా పొడిగింపు అవుతోందనేది మరో పెద్ద ఫిర్యాదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఆటోపేలో, అంటే ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యే పద్ధతిలో, డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా సమాచారం రావాలి, అప్పుడు దాన్ని ఆపుకునే వీలూ ఉండాలి. చేరడం ఒక్క నొక్కుతో, బయటపడటం మాత్రం పది తెరలు దాటాక అన్నట్లు పెట్టిన చందా వలను 2023 నవంబరు నాటి డార్క్ ప్యాటర్న్స్ (కొనుగోలుదారును మభ్యపెట్టే తెరల అమరిక) మార్గదర్శకాలు నిషేధించాయి. భారత్‌లో సేవలు అమ్మే విదేశీ వేదికలకూ అవి వర్తిస్తాయి. రద్దు చేయబోయినప్పుడు కనిపించిన ప్రతి తెరను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి.

కోపంలో బ్యాంకుకు చెప్పి చెల్లింపును వెనక్కి రప్పించుకోవడం మాత్రం చివరి అస్త్రంగానే వాడాలి. చెల్లింపు వెనక్కి పోయిందని సంస్థ మొత్తం ఖాతాను నిలిపివేస్తే, రెండు వేల కోసం మొదలైన పోరులో ఏళ్ల తరబడి కొన్న గేమ్‌లన్నీ చిక్కుకుంటాయి.

సర్వర్లు మూసేసిన గేమ్‌ల విషయంలో మన స్థితి బలహీనంగానే ఉంది. గేమ్‌ల తయారీ సంస్థ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న తన కార్ల రేసింగ్ గేమ్ ‘ద క్రూ’ సర్వర్లను ఆపేయడంతో, డబ్బిచ్చి కొన్నవారు ఒంటరిగా కూడా ఆడుకోలేకపోయారు. కొనుగోలుదారుకు దక్కేది లైసెన్సు మాత్రమేనని అమ్మేటప్పుడే చెప్పాలనే చట్టం 2025 జనవరి నుంచి కాలిఫోర్నియాలో అమలవుతోంది. మన దేశంలో ఇలా గేమ్ పోగొట్టుకున్నవారు నిలబెట్టగల వాదన ఒకటే: మూసివేత సంగతి దాచిపెట్టి అమ్మారని చూపడం. అందుకు కొన్ననాటి స్టోరు పేజీ స్క్రీన్‌షాట్ కావాలి.

ఫిర్యాదు మొదట సంస్థ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారికి) ఈమెయిల్‌లో వెళ్లాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం వారు 48 గంటల్లో అందినట్లు తెలపాలి, నెలలో పరిష్కరించాలి. ఉత్తరం ఇలా ఉంటే చాలు: ‘ఫలానా తేదీన ఫలానా ఆర్డరు నంబరుతో కొన్న కన్సోల్ ఫలానా తేదీ నుంచి డిస్కు చదవడం లేదు. జాబ్ షీట్, ఫోటోలు జతచేశాను. 15 రోజుల్లో మార్చి ఇవ్వండి లేదా పూర్తి సొమ్ము వాపసు చేయండి.’ తిట్లు, బెదిరింపులు అక్కరలేదు. అడిగేదేమిటో మాత్రం సూటిగా ఉండాలి.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. హెల్ప్‌లైన్ తీర్పు చెప్పదు. ఫిర్యాదును సంస్థ ముందుంచి రాజీకి ప్రయత్నిస్తుంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. కొన్న దుకాణం హైదరాబాద్‌లో ఉన్నా, సంస్థ కార్యాలయం మరెక్కడో ఉన్నా, కాకినాడలో నివసించేవారు తమ జిల్లాలోనే కేసు వేయవచ్చు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల్లోపు అయితే రుసుము లేదు, కాబట్టి ఏ కన్సోల్ కేసుకూ రుసుము భారం ఉండదు. న్యాయవాది తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. సంస్థ షరతులే అన్యాయమైనవని వాదించాలంటే రాష్ట్ర కమిషన్‌కు పోవాలి, కనుక జిల్లాలో వేసేవారు లోపభూయిష్టమైన వస్తువు లేదా సేవాలోపం అన్న మాటల మీదే ఫిర్యాదును నిలపడం మంచిది.