పాత యెజ్డీని చేను దారికి సిద్ధం చేయడం

యెజ్డీ బండ్లు చేసిన మైసూరులోని ఐడియల్ జావా కంపెనీ 1996లో మూతబడింది. 1978 నుంచి వచ్చిన యెజ్డీ రోడ్‌కింగ్ బండ్లు కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో ఇంకా పశువుల కొట్టాల్లో, పాత ఇళ్ళ వెనక కనిపిస్తాయి. పుట్టుకతో ఇది మోటోక్రాస్ (మట్టి దారి పందేల) బండి కాదు. కానీ 250 సీసీ రెండు స్ట్రోకుల ఇంజను, గట్టి ఫ్రేము ఉన్నాయి. పైగా ఏ చిన్న ఊరి లేతు షాపులోనైనా దీని పని అవుతుంది. కంకర దారికి, వంక ఇసుకకు ఇంతకంటే తగిన పాత బండి మా దృష్టిలో లేదు.

కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఇంజను కాదు, ఆర్సీ. ఛాసిస్, ఇంజను నంబర్ల మీద మట్టి గీకి, కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీసుకోండి. ఆ అంకెలు ఆర్సీలోని వాటితో అక్షరం కూడా తేడా లేకుండా కలవాలి. ఇంజను మార్చినట్టు తేలితే ఆ మార్పు ఆర్సీలో నమోదై ఉండాలి. లేకపోతే బదిలీ దగ్గర ఆగిపోతుంది. బండి వివరాలు రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో కనబడుతున్నాయో లేదో డబ్బు ఇవ్వకముందే చూడండి. పాత పుస్తకం ఆర్సీ ఆన్‌లైన్‌లోకి ఎక్కకపోతే ఆ పని అమ్మేవాళ్ళ చేతే చేయించాలి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. గడువు దాటిన రిజిస్ట్రేషన్‌కు ఫారం 25. బళ్ళారి, బెంగళూరు వైపు నుంచి తెచ్చే కేఏ (కర్ణాటక) నంబరు బండికైతే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్సు అదనం. కాగితాలు లేని బండి ఎంత చవకైనా విడి భాగాల కోసమే కొనండి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడండి. అమ్మేవాళ్ళు ముందే వేడి చేసి ఉంచితే కాసేపు ఆగండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి కిక్కర్ మీద మెల్లగా బరువు వేస్తే కాలికి గట్టిగా ఎదురు తగలాలి. కుడి వైపు కవరు తీసి, క్రాంకు చివర తిరుగుతూ కరెంటు పుట్టించే రోటరును పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. కదలిక తెలిస్తే క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) బేరింగులు పోయినట్టే. రోటరును ఇటూ అటూ కొద్దిగా తిప్పినప్పుడు టక్‌మని వినబడితే పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ చూడాలి. రంగు, క్రోము చూసి ధర ఒప్పుకోకండి. ఖర్చంతా క్రాంకు దగ్గరే ఉంటుంది.

ఈ బండిలో ఎక్కువగా మోసం చేసేవి క్రాంకు సీళ్ళు, అంటే క్రాంకుకు రెండు వైపులా గాలి, ఆయిలు దాటకుండా ఆపే రబ్బరు వలయాలు. ఎడమ సీలు పోతే గేరు ఆయిలు ఇంజనులోకి లాగబడుతుంది. తెల్లటి పొగ ఆగదు, ప్లగ్గు తడిసిపోతుంది, గేరు బాక్సులో ఆయిలు మాత్రం తగ్గుతూ ఉంటుంది. కుడి సీలు పోతే గాలి లాగుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజను అరుస్తూనే ఉంటుంది, పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడి అనంతపురం ఎండలో పిస్టన్ పట్టేస్తుంది. చాలామంది దీన్ని కార్బొరేటర్ లోపమనుకుని జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రాల ముక్కలు) మారుస్తూ కూర్చుంటారు. నిర్ధారణకు ఒక తేలిక పరీక్ష ఉంది. సైలెన్సర్లు తీసి, సిలిండర్‌కు అవి తగిలే రంధ్రాలు రెండూ రబ్బరు బిరడాలతో మూయండి. కార్బొరేటర్ తీసిన చోట బిరడా పెట్టి అందులోంచి ఒక గొట్టం బయటికి తీయండి. దానికి బీపీ చూసే పాత పరికరం బల్బు, మీటరు తగిలించి ముల్లు 250 దగ్గరికి వచ్చేదాకా గాలి నింపండి. ముల్లు ఐదు నిమిషాలు దాదాపు కదలకుండా నిలవాలి. పడిపోతుంటే సబ్బు నీళ్ళు పూసి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడండి. ఎక్కడా బుడగ లేకుండా పడిపోతుంటే గేరు బాక్సు ఆయిలు పోసే రంధ్రం దగ్గర సబ్బు నురగ పెట్టండి. అక్కడ ఉబ్బితే ఎడమ సీలే.

ఇంజను విప్పాల్సి వస్తే రోటరుకు, క్లచ్‌కు పుల్లర్లు (బిగించి ఊడదీసే పనిముట్లు) వాడండి. సుత్తితో కొడితే క్రాంకు వంకర పోతుంది. కొత్త బేరింగులు సీ3 రకం (లోపల కాస్త ఎక్కువ సందు ఉండేవి) తీసుకోండి, మామూలువి వేడికి బిగుసుకుంటాయి. బేరింగు దిగాల్సిన కేసును నీటి చుక్క చుర్రుమనేంత వేడి చేస్తే దానంతట అది జారుతుంది. పిస్టన్ సైజు అసలు 65 మి.మీ. బోరు కొట్టించే (సిలిండర్ లోపలిని వెడల్పు చేయించే) ముందే కొత్త పిస్టన్ చేతిలో ఉండాలి, దాన్ని కొలిచి బోరు తీయించాలి. రింగును సిలిండర్‌లో పెట్టి చూస్తే చివరల మధ్య సందు 0.25 నుంచి 0.35 మి.మీ. ఉండాలి. పిస్టన్ మీద బాణం సైలెన్సర్ల వైపు. పిస్టన్ పిన్ను జారకుండా పట్టే సర్క్లిప్పులు పాతవి మళ్ళీ వేయకండి. సామాన్ల కోసం బెంగళూరు జేసీ రోడ్డుకు వెళ్ళేవాళ్ళు పాత ముక్క తీసుకెళ్ళి పక్కన పెట్టి పోల్చి కొనాలి.

పాయింట్ల (ప్లగ్గుకు స్పార్కు ఇవ్వడానికి తెరుచుకునే కాంటాక్టుల) బండికి పాయింట్ సందు 0.4 మి.మీ., ప్లగ్గు సందు 0.6. సైలెన్సర్ల లోపలి గొట్టాలు తీసి కార్బన్ కాల్చేయండి. బండి మందగించడానికి సగం సార్లు అదే కారణం.

ట్యాంకులో తుప్పుంటే తెల్ల వెనిగర్ నింపి ఒకరోజు ఉంచి, వంట సోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి, పెట్రోలూ ఆయిలూ కలిపి లోపలంతా తిప్పండి. ఆలస్యమైతే గంటలోనే మళ్ళీ తుప్పు పడుతుంది. ఇప్పుడు వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. అది నీటిని పీలుస్తుంది, పాత రబ్బరు పైపులను పాడు చేస్తుంది, మిశ్రమాన్ని పలచన చేస్తుంది. కాబట్టి పైపులు కొత్తవి వేయండి, మెయిన్ జెట్ ఒక సైజు పెంచి ప్లగ్గు రంగు చూడండి. ఇటుక రంగులో ఉంటే సరే, తెల్లగా ఉంటే ఇంకా పలచనే. కొత్త పిస్టన్‌కు మొదటి 500 కి.మీ. లీటరు పెట్రోలుకు 40 మి.లీ. టూటీ ఆయిలు (రెండు స్ట్రోకుల ఇంజనులకు పెట్రోలులో కలిపేది), ఆ తర్వాత 30 మి.లీ.

ఇక నేల సంగతి. అనంతపురం ఎర్ర దుమ్ము ఇంజనుకు సానరాయి లాంటిది. ఆయిలులో తడిపి పిండిన ఫోము ఫిల్టరు వేసి, దుమ్ములో తిరిగిన ప్రతిసారీ కడగండి. నంద్యాల, కోవెలకుంట్ల వైపు రేగడిలో వాన పడితే బంకమట్టి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య చిక్కుకుని చక్రాన్ని ఆపేస్తుంది. అక్కడ కనీసం మూడు వేళ్ళ సందు ఉంచాలి. జమ్మలమడుగు, బేతంచెర్ల నాప రాళ్ళ అంచులకు ఇంజను కేసు పగలకుండా కింద 3 మి.మీ. అల్యూమినియం రేకు బిగించండి. సర్కారు తుమ్మ ముల్లు ఏ టైరునూ వదలదు కాబట్టి స్పేర్ ట్యూబు, పంపు, రెండు టైరు లివర్లు తప్పనిసరి. పెన్నా ఇసుకలో గాలి కొంత తగ్గించవచ్చు గానీ మరీ తగ్గిస్తే రిమ్ము మీద టైరు జారి ట్యూబు మౌత్ తెగిపోతుంది. నల్లమల, లంకమల అభయారణ్యాల్లోకి బండి తోలకండి. అది నేరం, అక్కడి జంతువులకూ కీడు.

విప్పిన అసలు హ్యాండిలూ మడ్‌గార్డులూ పారేయకుండా ఆయిలు పూసి దాచండి. రంగు వేయించడం అన్నిటికంటే చివర, బండి కనీసం 500 కి.మీ. తిరిగి, నట్లన్నీ మళ్ళీ ఒకసారి బిగించాక.