పరిశోధన వ్యాసం రాద్దాం – 5: బొమ్మ కింద ఏం రాయాలి?

గత పాఠంలో పట్టికలు చూశాం. ఈసారి బొమ్మలు. ఫోటో, గీత బొమ్మ, మ్యాపు, గ్రాఫు ఏదైనా సరే, పట్టిక కానిదంతా మామూలుగా ‘చిత్రం’ లెక్కలోకే వస్తుంది. అన్నింటికీ ఒకటే వరుస: చిత్రం 1, చిత్రం 2. పట్టికల వరుస వేరు.

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లుకు వెళదాం. కుందూరు చోడుల కాలపు ఛాయా సోమేశ్వరాలయం త్రికూటం, అంటే గర్భగుడులు మూడు. వాటిలో ఒకదానిలో పగలంతా నీడ కదలకుండా నిలుస్తుందని ప్రసిద్ధి. మీ వ్యాసం ఆ నీడ గురించే అనుకోండి. ఒక ఫోటో పెట్టి కింద ‘ఛాయా సోమేశ్వరాలయం’ అని రాసి ఊరుకుంటే చదివేవారికి దక్కేదేమీ లేదు. మూడింటిలో ఏ గర్భగుడి? ఎక్కడ నిలబడి తీశారు? అన్నిటికంటే ముఖ్యం, ఎన్ని గంటలకు? నీడ కదలదని వాదిస్తూ వేళ చెప్పకపోతే ఆ ఫోటో యాత్రికుల జ్ఞాపికే తప్ప సాక్ష్యం కాదు. నిజానికి ఒక్క ఫోటో చాలదు కూడా. ఒకే చోట నిలబడి ఉదయం ఒకటి, మధ్యాహ్నం దాటాక ఒకటి తీయాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇలా రాయాలి:

చిత్రం 3. నీడ నిలిచే గర్భగుడి, ఛాయా సోమేశ్వరాలయం, పానగల్లు. మండపం మధ్య నుంచి. (అ) ఉదయం 9 గంటలకు, (ఆ) మధ్యాహ్నం 3 గంటలకు. ఫోటోలు: రచయిత, 14 జనవరి 2024.

తేదీ, వేళ మీవి వేసుకోండి. నీడ బాగా కనిపించాలని ఫోనులో ముదురు రంగు పెంచి ఉంటే ఆ మాట కూడా అక్కడే ఒప్పుకోవాలి. ఇలాంటి వ్యాసంలో అది దాస్తే మిగతాదేదీ ఎవరూ నమ్మరు.

వ్యాసంలో మాత్రం ‘పై బొమ్మలో చూపినట్లు’ అని రాయకండి. అచ్చుకు పేజీలు సర్దేటప్పుడు పై బొమ్మ అవతలి పేజీకి పోతుంది. ‘ఉదయం నీడ (చిత్రం 3అ)’ అంటే బొమ్మ ఎక్కడికి పోయినా దొరుకుతుంది. వ్యాసంలో ఎక్కడా ప్రస్తావించని బొమ్మ ఎంత అందంగా ఉన్నా తీసేయండి.

ఊరి పేరు కూడా చూసి రాయాలి. కూడవెల్లి సంగమేశ్వరాలయం కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు వల్ల దాన్ని విప్పి ఆలంపూరులో తిరిగి నిలబెట్టారు. ఇప్పుడు తీసిన ఫోటో కింద ‘కూడవెల్లి’ అని మాత్రమే రాస్తే చదివేవారిని నీళ్లలోకి పంపినట్లే. ‘ప్రస్తుత స్థానం: ఆలంపూరు’ అన్న రెండు ముక్కలు చేర్చండి.

ఇక ఇతరుల బొమ్మలు. ‘సౌజన్యం: గూగుల్’ అని రాసిన వ్యాసాలు ఇప్పటికీ నా బల్లమీదికి వస్తూనే ఉన్నాయి. ఉత్తరం ఎవరు రాశారంటే తెచ్చిన పోస్ట్‌మాన్ పేరు చెప్పడమది! గూగుల్ వెతికి పెడుతుందంతే. ఆ బొమ్మ అసలు ఉన్న పేజీ తెరవండి. వికీమీడియా కామన్స్ (అందరూ వాడుకోదగ్గ బొమ్మల భాండారం) అయితే బొమ్మ పేరు, తీసినవారి పేరు, లైసెన్సు (వాడుకునే షరతులు) ఆ పేజీలోనే ఉంటాయి. వాటికి లంకె కలిపి రాయండి. పుస్తకంలోని బొమ్మకైతే రచయిత, సంవత్సరం, పేజీ సంఖ్య కావాలి. ఇతరుల మ్యాపును చూసి మీరు మళ్లీ గీస్తే అది పూర్తిగా మీది కాదు. ‘ఫలానావారి మ్యాపు ఆధారంగా’ అనాలి.

పేరు చెప్పడం వేరు, అనుమతి తీసుకోవడం వేరు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవించి ఉన్నంత కాలం, ఆ పైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పత్రికలో అచ్చు వేయించే ముందు హక్కుదారుకు ఉత్తరం రాయడం మేలు.

ఈ వివరమంతా బొమ్మకు పైనా, కిందా? వ్యాస రచనకు రెండు పేరున్న పద్ధతులున్నాయి. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో సంఖ్య, శీర్షిక పైన, మూలం వివరం కింద. ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిలో అంతా కిందే. మీ పత్రిక ఏది అడిగితే అది.

అభ్యాసం: మీ ఫోనులో ఉన్న పాత గుడి ఫోటో ఒకటి తీసుకుని దాని కింద రాయాల్సినది రాయండి. ఆ కాగితం ఒక్కటే మిత్రుడికిచ్చి, అదే చోట నిలబడి అదే ఫోటో తీసుకురమ్మనండి.