రాయికి అనుభూతి ఉంటుందా? ఈ ప్రశ్నను పరిశీలించే పద్ధతి

పదార్థమంతటికీ చైతన్యం మూలగుణమా అని విచారించే ముందు, చైతన్యం అన్న మాటను ఏ అర్థంలో వాడుతున్నారో కాగితం మీద రాసుకోండి. తెలుగులో ఈ మాటకు చురుకుదనం, స్పృహ, సామాజికమైన మేలుకొలుపు, ఆత్మస్వరూపం అన్న అర్థాలన్నీ ఉన్నందువల్ల, ఒక అర్థంతో మొదలైన వాదన మరొక అర్థంతో ముగిసిపోవడం తరచుగా జరుగుతుంది. ఇక్కడ కావలసింది అనుభూతి మాత్రమే, అంటే పంటినొప్పి పడుతున్న మనిషికి ఆ నొప్పి తెలిసే తీరు. మొక్క వెలుతురు వైపు వంగడం ప్రతిస్పందన. దాని వెనుక అనుభూతి ఉన్నదని అంతమాత్రాన తేలదు. లోహాలకూ జీవులకూ విద్యుత్ ప్రతిస్పందనలో పోలిక ఉన్నదని జగదీశ్ చంద్ర బోస్ 1902లో ప్రచురించిన ప్రయోగాలను ఉదాహరించేవారు ఈ భేదాన్ని తప్పక పాటించాలి.

తరువాత, వినడానికి ఒకేలా ఉండే వాదాలను విడదీయండి. అద్వైతం అణువణువుకూ కొంత చైతన్యాన్ని పంచిపెట్టదు; చైతన్యమే సత్యమనీ, జగత్తు దానిపై ఆరోపితమనీ చెబుతుంది. జైనులు మట్టి, నీరు, నిప్పు, గాలి శరీరాలుగా గల జీవులను అంగీకరించినా, పుద్గలాన్ని, అంటే జడపదార్థాన్ని, అజీవమనే అంటారు. ఆంధ్రుడైన అన్నంభట్టు తన న్యాయశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహంలో జ్ఞానానికి ఆశ్రయం ఆత్మ అని నిర్వచించాడు గాని, పరమాణువులకు ఆ గుణం చెప్పలేదు. కాబట్టి పదార్థమంతటికీ అనుభూతి మూలగుణమనే ఆధునిక సర్వచైతన్యవాదాన్ని మన పూర్వులు ఎప్పుడో చెప్పారనడం తొందరపాటు.

ఇప్పుడు ఆ వాదపు బలమైన రూపాన్ని ఓపికగా వినండి. భౌతికశాస్త్రం ఎలక్ట్రాన్ ద్రవ్యరాశినీ ఆవేశాన్నీ వివరించేటప్పుడు అది ఏమి చేస్తుందో చెబుతుంది గాని, స్వతహాగా అది ఏమిటో చెప్పదని తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ 1927లో వాదించాడు. మనకు లోపలినుంచి తెలిసిన పదార్థం మన మెదడు ఒక్కటే, అక్కడ అనుభూతి ఉంది. అనుభూతి ఏ కోశానా లేని దానినుంచి అనుభూతి పుట్టడం అసంభవం గనుక అది మూలంలోనే ఉండాలని తత్త్వవేత్త గాలెన్ స్ట్రాసన్ 2006లో తేల్చాడు.

దీనికి ఎదురుగా ప్రాచీన భౌతికవాదులైన చార్వాకుల తాంబూలాన్ని ఉంచి చూడండి. ఆకులోనూ వక్కలోనూ సున్నంలోనూ లేని ఎరుపు నమిలితే పుట్టినట్టే, జడభూతాల కలయికలో చైతన్యం పుడుతుందని వారి దృష్టాంతం. నాకు ఇది చాలా ఇష్టమైన ఉదాహరణ, అయినా చాలదనిపిస్తుంది. ఎందుకంటే ఆ రసం ఏ కాంతిని తిప్పిపంపుతుందో రసాయనశాస్త్రం చెప్పగలదు గాని, చూసేవారికి ఎరుపు ఎరుపుగా తెలియడమే మనం అడుగుతున్న విషయం.

అయితే సర్వచైతన్యవాదికి కూడా ఇంతే కఠినమైన పరీక్ష పెట్టండి. పన్నెండు మాటల వాక్యాన్ని పన్నెండుగురికి తలా ఒక మాటగా ఇస్తే, వారెంత దగ్గరగా నిలబడినా పూర్తి వాక్యం ఎవరికీ తెలియదని మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లో చూపాడు. కణాల చిరు అనుభూతులు కలిసి ఒక మనిషి అనుభూతి ఎలా అవుతుందన్న ఈ ప్రశ్న దగ్గరే అసలు విచారణ జరగాలని నా అభిప్రాయం. నాడీశాస్త్రజ్ఞుడు జూలియో టొనోని 2004లో ప్రతిపాదించిన సిద్ధాంతం, భాగాల మధ్య సమాచారం ఎంత విడదీయరానిదిగా పెనవేసుకున్నదో కొలవాలంటుంది. ఆ లెక్కన ఇసుక కుప్పకు కుప్పగా అనుభూతి ఉండదు. మీ ముందుకు వచ్చిన ప్రతి వాదాన్నీ, ఏ కలయికలో అనుభూతి ఒకటవుతుందో, దేనిలో కాదో చెప్పే నియమం ఏమిటని అడగండి.