నాన్నగారి టీవీఎస్ 50 మళ్లీ పలికింది

కొబ్బరి డొక్కల గుట్ట పక్కన పన్నెండేళ్లు పడి ఉంది. పాత ఇనుముకు ఇచ్చేయమని అందరూ అన్నారు, నాకే మనసొప్పలేదు.

ముందు ప్లగ్ ఊడదీసి, ఇంజను హెడ్‌కి ఆనించి, స్టాండు వేసి పెడల్ తొక్కాను. నిప్పురవ్వ ఉందా లేదా అన్నట్టుంది. నిప్పురవ్వకు కరెంటు పుట్టించే మాగ్నెటో తీస్తే, అందులో కలుస్తూ విడిపోతూ ఉండే పాయింట్లు చిలుం పట్టి ఉన్నాయి. ఎమరీ కాగితంతో మెల్లగా రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచాక నీలంగా టక్కుమంది.

బండి అందుకుంది, నిమిషంలో ఆగిపోయింది. కార్బురేటర్ విప్పితే గిన్నెలో తేనెలా పాత ఆయిలు, పెట్రోలు వెళ్లే సన్న రంధ్రం, అదే జెట్టు, పూర్తిగా మూసుకుపోయింది. పిన్నీసుతో పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మా పాలేరు ఇచ్చిన గాలం దారం ముక్క దూర్చి, పంపుతో గాలి కొట్టాను. కాస్త వెలుగు కనిపించింది, హమ్మయ్య!

సైలెన్సర్ మసి గురించి చెప్పేదేముంది, పెట్రోల్లో ఆయిలు కలిపి కాల్చే టూ స్ట్రోకు కదా. ఓ పూట దానికే పోయింది.

ఇంటర్ రోజుల్లో దీన్ని కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కించి, ముక్తేశ్వరంలో దిగి అమలాపురం పోయేవాణ్ణి. ఓసారి కాలవ గట్టు మీద పెట్రోలు అయిపోతే ఎదురుగాలిలో ఇంటిదాకా పెడల్ తొక్కాను. నాన్నగారికి చెబితే, "సైకిల్ కొనిపెట్టమని అడిగితే సరిపోయేదిగా!" అన్నారు.

నిన్న సాయంత్రం రేవుదాకా వెళ్లొచ్చాను. బ్రేకులు ఇంకా పట్టడం లేదు.