నక్షత్రాల ఊగిసలాట – 5వ పాఠం: ఆ 365 రోజుల గ్రహం మనదే

చుట్టూ తిరిగే గ్రహం లాగుతుంటే నక్షత్రం కాస్త మనవైపు, కాస్త అవతలికి ఊగుతుంది. ఆ ఊపు పట్టుకోడానికి పోయిన పాఠంలో 51 పెగాసి నక్షత్రం మనవైపు వచ్చే, దూరంగా పోయే వేగాలను కొలిచినవి కొలిచినట్టే ఇచ్చి గ్రాఫు గీయమన్నాను. చాలామంది ఒకటే పంపారు: 365 రోజులకోసారి చుట్టివచ్చే గ్రహం. గుంటూరు నుంచి వచ్చిన గ్రాఫులోనైతే పెన్సిలు గీత ఎక్కడా తడబడలేదు. గీత సరైనదే, గ్రహమే వేరు. అది మనం నిలబడ్డ భూమి. కొలతల్లోంచి భూమి కదలికను తీసేసే సవరణ సంగతి నేను ముందే చెప్పాల్సింది.

భూమి సెకనుకు దాదాపు 30 కి.మీ. వేగంతో సూర్యుణ్ణి చుడుతోంది. 51 పెగాసి మన కక్ష్యాతలానికి 25 డిగ్రీలు పైన ఉంది కాబట్టి అందులో 27 కి.మీ. దాకా నక్షత్రం దిశలో పడుతుంది. 1995లో ఖగోళ శాస్త్రవేత్తలు మేయర్, క్వెలోజ్ దీని చుట్టూ పట్టుకున్న గ్రహం తన నక్షత్రాన్ని ఊపేది సెకనుకు 56 మీటర్లు. కిలోమీటరుకు ఒక సెంటీమీటరు వేసుకుంటే భూమి ఊపు అటు 27, ఇటు 27 సెం.మీ. గ్రహానిది అర మిల్లీమీటరు. పెన్సిలు గీత మందంలోనే కలిసిపోతుంది.

సవరణ తెలిసినవాళ్లు కూడా గుర్తు దగ్గర దెబ్బతిన్నారు. ఏటా నన్ను విసిగించేది ఇదే, కాబట్టి నిదానంగా చదవండి. దూరంగా పోతే ప్లస్, దగ్గరకొస్తే మైనస్. ఈ నక్షత్రం అసలు వేగం సెకనుకు సుమారు −33 కి.మీ. జూన్‌లో మనం దానివైపు పోతాం, కాబట్టి కొలతలో −60 వస్తుంది. దానికి 27 కలపాలి. తీసేస్తే −87 అవుతుంది. డిసెంబరులో మనం దూరమవుతాం, −6 కనిపిస్తుంది. అప్పుడు 27 తీసేయాలి. సవరించాక మీ ఊపు 27 నుంచి 54కి పెరిగిందా? గుర్తు తిరగబడిందన్నమాట. నేను మాత్రం ఏ నక్షత్రానికైనా ముందు జూన్, డిసెంబరు రెండు చుక్కలే సవరించి చూస్తాను. రెండూ ఒకచోటికి రాకపోతే మిగతావి ముట్టుకోను.

భూమి తన చుట్టూ తాను తిరగడం కూడా ఉంది. ప్రకాశం బ్యారేజీ మీద కదలకుండా నిలబడ్డా తూర్పుకి సెకనుకు 445 మీటర్లు పోతున్నాం. గ్రహం ఊపుకి ఎనిమిది రెట్లు!

అభ్యాసం: ఆ కొలతలు తీసిన ఫ్రాన్స్‌లోని ఓట్-ప్రొవాన్స్ అబ్జర్వేటరీ 44 డిగ్రీల అక్షాంశం దగ్గరుంది. అక్కడ ఈ 445 ఎంతవుతుంది? తర్వాత మీ చుక్కలన్నీ సవరించి, 4.23 రోజులకు (గ్రహం ఒక చుట్టుకు పట్టే కాలం) మడిచి, అంటే ఒక్కో 4.23 రోజుల ముక్కను ఒకదానిమీద ఒకటి పేర్చి, మళ్లీ గీయండి. ఈసారి సెంటీమీటరుకు 10 మీటర్లు వేసుకోండి.